బుడ్డ జీపులో దేవరకొండ దాకా

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి నా ఉద్యోగమే అడ్డం. నేను లైన్‌మన్‌ని. ఫలానా ఇంట్లో లైట్లు వాటంతట అవే వెలుగుతున్నాయనీ, ఫలానా బావి మోటారు ఎవరూ ముట్టకుండానే తిరుగుతోందనీ కబురొస్తే స్తంభం ఎక్కేది నేనే. ఇన్నేళ్లలో అలాంటి ప్రతిచోటా నాకొక లూజు తీగో, తడిసిన స్విచ్చో, ఎలుక కొరికిన వైరో దొరికింది. దారి లేకుండా కరెంటు పోదు. నాకు తెలిసిన శాస్త్రం అంతే.

అందుకే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా డిపార్ట్‌మెంటులో తెలిస్తే నవ్వుతారని భయం. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడదామని.

మా ఊరు దేవరకొండ నుంచి కృష్ణా నది వైపు పోయే గుట్టల్లో ఉంటుంది. మాది గొర్రెలు పెంచుకునే కుటుంబం. నా చిన్నప్పుడే అమ్మ పోతే మా అక్క యాదమ్మ నన్ను పెంచింది. పెళ్లయిన రెండేళ్లకే భర్త చనిపోయి తిరిగి మా ఇంటికి వచ్చింది. మళ్లీ పెళ్లి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఎండనకా వాననకా మంద వెంట తిరిగి నన్ను ఐటీఐ చదివించింది. నాకు పెళ్లయ్యాక కూడా మేం ఒకే ఇంట్లో ఉన్నాం. అక్క, నేను, నా భార్య లలిత.

మా ఊరికీ తారురోడ్డుకూ మధ్య ఒక వాగుంది. వానాకాలంలో ఆ దారంతా ఎర్రబురద. మోటార్ సైకిల్ చక్రం బిగుసుకుపోయి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, నందికొండ ప్రాజెక్టు క్వార్టర్లలో ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరు తన పాత చిన్న ఫోర్‌వీల్ బండి అమ్ముతున్నాడని తెలిసి కొనుక్కొచ్చాను. పైన చిరుగుల గుడ్డ టాపు, కింద తుప్పు. ఊళ్లోవాళ్లు దానికి బుడ్డ జీపు అని పేరు పెట్టారు.

కారు అంటే నాకు ఓనమాలు తెలియవు. మొదటి నెలలోనే ఇంజన్ ఆయిల్ గీత దాటి పోసి పొగబెట్టాను. రెండు ముందు చక్రాలకూ నడిమధ్యన చేత్తో తిప్పే బిళ్లలుంటాయి. బురదలో దిగి వాటిని తిప్పి, లోపల చిన్న లివర్ లాగితేనే ముందు చక్రాలకు కూడా బలం అందుతుంది. అది తెలియక రెండుసార్లు బండి దిగబడితే ట్రాక్టరుతో లాగించుకున్నాను. దేవరకొండలో ఖాజా భాయ్ అని ఒక పాత మెకానిక్ ఉన్నాడు. విసుక్కోకుండా అన్నీ నేర్పించాడు. ఆదివారం వస్తే బానెట్ ఎత్తి, ఆయన చెప్పినవి ఒక్కొక్కటే విప్పి తుడుచుకుంటూ కూర్చోవడం నాకు అలవాటైంది.

ఆ రోజు కూడా ఆదివారమే. నాలుగు రోజులుగా ముసురు. చెమ్మకు బండి పొద్దున్నే సతాయిస్తోందని డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. ప్లగ్గులకు కరెంటు పంచేది అదే. దాని లోపల బొటనవేలంత రోటర్ ఉంటుంది. అది తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు అందిస్తుంది. ఆ రోటర్ కొస మసిబారి ఉంది. బయటికి లాగి గరుకు కాగితంతో రుద్దుతుంటే పక్కన వెంట్రుకంత పగులు కనబడింది. వంటింటి కిటికీ లోపలి గట్టు మీద పెట్టి ఫోటో తీసి, ఇది పనికొస్తుందా అని ఖాజా భాయ్‌కి పంపాను. మా ఊళ్లో సిగ్నల్ సరిగా ఉండదు, మెసేజ్ పోలేదు. జల్లు మొదలైంది. నీళ్లు పడకుండా డిస్ట్రిబ్యూటర్ మూత మళ్లీ బిగించి, బానెట్ దించి లోపలికి వచ్చాను.

మధ్యాహ్నం అన్నానికి కూర్చోబోతుంటే దొడ్డిలోంచి అక్క కేక వినబడింది.

గొర్రెపిల్లలు తడవకుండా గంప కింద కమ్మడానికి వెళ్లింది. నేను పరుగెత్తేసరికి గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమ మడమ రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"తమ్మీ, పురుగు ముట్టింది," అంది.

మా దగ్గర పామును పురుగనే అంటారు. కట్టెల మోపు కిందికి జారిపోతున్న దాని తోక నేను చూశాను. రక్తపింజర. మడమ పైన రెండు గాట్లు. నెత్తురు ఆగడం లేదు.

అంబులెన్సుకు ఫోన్ కలవలేదు. కలిసినా అది వాగు దాటి రాగలిగేది కాదు. ఊళ్లో ఉన్న రెండు ట్రాక్టర్లూ పొద్దున్నే అవతలికి పోయి ఇంకా తిరిగి రాలేదు. నాటువైద్యం చేసే ముసలాయన వేర్లు పట్టుకుని వచ్చాడు. లలిత ఆయన్ని గడప దగ్గరే ఆపి, "ఏం చేస్తున్నవ్, బండి తియ్యరాదూ!" అని నా మీద అరిచింది.

అక్కను ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాను. లలిత ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. నేను కూర్చుని తాళం తిప్పాను. రోజూ నాలుగైదు సార్లు తిప్పించుకునే బండి ఆ రోజు ఒక్కసారికే కదిలింది.

పొద్దున నేనేం విప్పానో నాకు గుర్తు రాలేదు. అసలు ఆ రోజు పొద్దున అనేది ఒకటి ఉందనే గుర్తు లేదు.

వాగు దగ్గరికి వచ్చేసరికి అక్క చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. లలిత కొంగుతో తుడుస్తోంది, మళ్లీ వస్తోంది. దిగి మోకాళ్ల లోతు నీళ్లలో వంగి బిళ్లలు రెండూ తిప్పాను. బురదకు ఎడమవైపుది రెండుసార్లు జారింది. చిన్న లివర్ లాగాను. బండి వాగు దాటింది, అవతలి గడ్డ ఎక్కింది. ఆ గడ్డ నిటారుగా ఉంటుంది, అంతా జిగురు బురద. అక్కడ ఒక్క క్షణం ఆగినా వెనక్కి జారేవాళ్లం. ఆగలేదు.

తారురోడ్డు మీద నేనేమేం మాట్లాడానో నాకు తెలియదు. అక్కా నిద్రపోకు, అక్కా కళ్లు తెరువు అని దారంతా అంటూనే ఉన్నానని లలిత తర్వాత చెప్పింది. ఆ రోజు నేను మొక్కని దేవుడు లేడు. ఆమె పోతే నేను ఇంటికి తిరిగి వెళ్లకూడదనుకున్నాను. అదొక్కటే స్పష్టంగా గుర్తుంది.

దేవరకొండ దవాఖానలో స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు. వెంటనే మందు ఎక్కించారు. పది నిమిషాలకు వాచ్‌మన్ వచ్చి, బండి దారికి అడ్డంగా ఉంది, పక్కకు తీయమన్నాడు. వెళ్లి తాళం తిప్పాను. స్టార్ట్ కాలేదు. మళ్లీ మళ్లీ తిప్పాను, లేదు. వాచ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి నెట్టి గోడ వారగా పెట్టారు. తడిసింది కదా, అందుకే అనుకున్నాను. అప్పుడు బండి గురించి ఆలోచించే తీరిక లేదు.

సాయంత్రానికి అక్కకు మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని చెప్పి అంబులెన్సులో నల్గొండకు పంపారు. ఆమె వెంట నేను వెళ్లాను. గొర్రెలు ఉన్నాయి కాబట్టి మర్నాడు వాగు తగ్గాక లలిత ఊరికి పోయింది. నల్గొండలో రక్తం శుభ్రం చేసే మిషన్ మీద రోజు విడిచి రోజు అక్కను పెట్టారు. కాలు తొడ దాకా వాచి నల్లబడింది. మూడో రోజు ఆమె నన్ను గుర్తుపట్టలేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చుంటే లోపల చెప్పుల చప్పుడు వేగంగా వినబడినప్పుడల్లా అది మా కోసమేనని లేచి నిలబడేవాణ్ణి.

ఐదో రోజు కొద్దిగా తేరుకుంది. ఆ రోజే కాగితాల పని మీద దేవరకొండ రావలసి వచ్చి, ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాను. బండి దవాఖాన దగ్గర నిలబడిపోయింది, జర చూడు అన్నాను. ఆయన సామాను సంచీతో వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి నన్నడిగాడు.

"ఎవలు గుంజుకొచ్చిండ్రు బండిని?"

"ఎవలు గుంజలే భాయ్. నేనే తోలుకొచ్చిన."

"మజాక్ చేయకు మల్లేశ్. రోటర్ తీసి ఫోటో పెట్టినవు గదా. ఆదివారం పగటిపూట వచ్చింది నాకు. గా ముక్క లేకుంట బండి ఎట్ల నడుస్తది?"

నాకు ఒక్కసారిగా ఆ పొద్దున అంతా గుర్తొచ్చింది. మెసేజ్ మేము దేవరకొండ చేరి సిగ్నల్ అందాక పోయింది. ఫోటోలో కిటికీ గట్టు, గరుకు కాగితం, రోటర్, వెంట్రుకంత పగులు.

ఖాజా భాయ్ బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల ఖాళీ.

ఎవరైనా దవాఖాన దగ్గర దొంగిలించి ఉంటారని మొదట ఆయనే అన్నాడు. నేను లలితకు ఫోన్ చేశాను. అక్క కబురు కోసం ఆమె రోజూ ఆ వేళకు సిగ్నల్ దొరికే గుట్ట మీదికి ఎక్కేది. కిటికీ గట్టు మీద ఏముందో చూసి చెప్పమన్నాను. అరగంట తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. నల్లటి చిన్న వస్తువు, కొసన ఇత్తడి ముక్క, పక్కన పగులు. ఆదివారం తాళం వేసి పోయిన ఇల్లు మర్నాడు తానే తీసిందట, గట్టు మీది వస్తువు ఎవరూ ముట్టలేదట.

ఖాజా భాయ్ తన సంచీలోంచి సీలు విప్పని కొత్త రోటర్ తీసి పెట్టాడు. తాళం తిప్పగానే బండి స్టార్టయింది. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"నలభై ఏండ్ల సంది గిదే పని. ఎవలకన్న చెప్తే నా దుకాణం మూసుకోవాలె," అన్నాడు. కూలి తీసుకోలేదు.

నేను ఊరుకోలేదు. అక్క ఇంటికి వచ్చాక నా అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా తేల్చుకున్నాను. నా దగ్గర రెండో రోటర్ ఎప్పుడూ లేదు. మా ఇంటి నుంచి వాగు దాకా పల్లమే, న్యూట్రల్‌లో జారి వచ్చామేమో అనుకున్నాను. అలా జార్చి చూస్తే సగం దారిలోనే ఆగింది. ఎలా చూసినా వాగు అవతలి గడ్డ బలం లేకుండా ఎక్కేది కాదు. రోటర్ తీసేసి తాళం తిప్పి చూశాను, పదిసార్లు. సెల్ఫ్ మోటారు తిరిగిందే తప్ప ఇంజన్ ఒక్కసారి కూడా అందుకోలేదు. ప్లగ్గు విప్పి ఇంజన్ ఇనుముకు తగిలించి చూశాను. ఒక్క నిప్పురవ్వ కూడా రాలేదు.

అక్క నెలకు పైగా దవాఖానలో ఉండి తిరిగొచ్చింది. ఎడమ కాలు కుంటుతుంది. మంద వెంట పోయే శక్తి లేదు. గొర్రెలు చాలావరకు అమ్మేశాం. బతికింది, మాకు అదే చాలు. రోటర్ సంగతి ఆమెకు ఎవరం చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో అనపకాయలు ఒలుస్తూ ఆనాటి మాట తానే ఎత్తింది.

"నాకు ఆ దినం అన్నీ యాదికున్నయి తమ్మీ. పిల్లలను తల్లుల దగ్గరికి ఇడిశినవా అని అడిగిన. ఇడిశిన అక్కా అన్నవు. అబద్ధమని నాకెర్కనే."

అవును. గొర్రెపిల్లలు గంప కిందే ఉండిపోయాయి. పక్కింటివాళ్లు తర్వాత తీశారు. ఆమె అనగానే గుర్తొచ్చింది, నేను అబద్ధమే చెప్పాను, తారురోడ్డు ఎక్కాక, ముందుకే చూస్తూ.

"నోట్ల నెత్తురు, గొంతు లేదు నాకు. లలిత చెవుల చెప్పినట్టే చెప్పిన. ముంగట కూసున్న నీకు ఎట్ల ఇనొచ్చిందో," అంది.

ఆ బండిలో పోతుంటే పక్క సీట్లో కూర్చున్న మనిషి అరిచినా నాకు వినబడదు. నేనూ లలితా సైగలతో మాట్లాడుకుంటాం. అంత మోత దానిది.

ఆ రాత్రి లలితను అడిగాను. ఆ రోజు దారిలో బండి చప్పుడు విన్నావా అని. ఆమె అటు తిరిగి పడుకుని, "నన్ను అడగకు," అంది. మళ్లీ అడగలేదు.

ఏం జరిగిందో నేను చెప్పలేను. చెప్పగలిగిన మనిషి కూడా ఇంతవరకు నాకు తారసపడలేదు. ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని ఆ దారంతా మళ్లీ పోతాను. గుడ్డ టాపు మీద వాన వినబడుతుంది. చక్రాల కింద నీళ్లు వినబడతాయి. పిల్లలను ఇడిశినవా అని అక్క అడగడం, ఒక్కొక్క అక్షరం, వినబడుతుంది. ఇంజన్ చప్పుడు కోసం ఎంతసేపు వెతికినా దొరకదు.