ఒకుమా సవరం

హకోనె కనుమ దారిలో, దేశాన్ని ఏలే షోగున్ పెట్టిన కావలి ఉంది. అక్కడ ఇరవై ఆరేళ్లుగా ఒకుమా పని ఒక్కటే. షోగున్ ఉండే ఎదో నగరం నుంచి బయటికి వెళ్లే ఆడవాళ్ల కొప్పు విప్పి చూడడం. నిండు జుట్టా, కత్తిరించినదా, గుండా? అనుమతి పత్రంలో రాసినట్టే ఉందా? చూసి, తెర వెనక నుంచి గట్టిగా చెప్పాలి. ఒక్క ముక్క తేడా వచ్చినా ఆ మనిషి వెనక్కి పోవలసిందే. ఎదోలో మళ్లీ కొత్త పత్రం చేతికి రావాలంటే ఇరవై రోజులు.

ఎందుకిదంతా? సామంత ప్రభువులు తిరగబడకుండా వాళ్ల పెళ్లాలను షోగున్ ఎదోలో బందీలుగా పెట్టుకున్నాడు. వాళ్లలో ఒక్కతె కూడా వేషం మార్చి పారిపోకూడదు. అందుకని చేపలమ్మే మనిషీ, బట్టలు కుట్టుకునే మనిషీ, పచ్చి బాలింతా ఒకుమా ముందు జుట్టు విరబోసుకోవాలి. ఇన్నేళ్లలో పారిపోయే రాణి ఒక్కతె దొరకలేదు. పేలు మాత్రం దండిగా దొరికాయి.

ఒకుమా మొగుడు ఈ కావలిలోనే బంటు. అతను పోయాక దయతలచి ఈ పనిచ్చారు. ఆ దయను తలుచుకుని ఆమె చాలా ఏళ్లు వంగి వంగి దండాలు పెట్టింది. పదకొండేళ్ల కిందట, మంచు కురిసే రోజున, వీపున బిడ్డను కట్టుకుని ఒకామె వచ్చింది. జ్వరంలో ఊడిన జుట్టు చెవుల దాకానే ఉంది. పత్రంలో ఆ మాట లేదు. "కురచ జుట్టు!" అని ఒకుమా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమెను తిప్పి పంపారు. మంచు కరిగాక వెనక్కి కొండ దిగే దారిలో, చనిపోయిన పిల్లల్ని కాచే జిజో దేవుడి రాయి ఒకటి కొత్తగా వెలిసింది. దాని మెడకు నీలిగళ్ల గుడ్డ. ఆ బిడ్డను కట్టి తెచ్చిన గుడ్డే. ఒకుమా ఆ దారిన నడవడం మానేసింది. దండాలు కూడా మానేసింది.

ఈ రోజు పొద్దున తెర లోపలికి వచ్చినామె పేరు ఒఫుజి. చంకలో రెండేళ్ల కూతురు నాత్సు. పాప ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. తల్లి తలగుడ్డ తీసింది. జుట్టు మెడ దాకానే, అదీ వంకరటింకరగా కోసి ఉంది.

"ఇదేంటే?" ఒకుమా గొంతు తగ్గించి కసిరింది.

"మొక్కుకున్నానవ్వా. నిన్న కొండ కింద ఒదవారాలో పిల్లకి ఎగశ్వాస వచ్చింది. గుడిలో జుట్టు కోసి ఇచ్చేశాను."

"కావలి దాటాక మొక్కుకోవచ్చుగా! దేవుడేమన్నా లేచిపోతాడా?"

"అప్పుడు అదేం గుర్తొస్తుందవ్వా?" ఒఫుజి పాపను గుండెకు హత్తుకుంది. "కొండ అవతల మిషిమాలో మా అన్న వైద్యుడు. సాయంత్రానికి చేరిపోతాం. వెనక్కి పంపకు."

బయట నుంచి కావలి అధికారి ఇనాగాకి దొర కేక వేశాడు. "ఏమే ముసలీ, లోపల జడ అల్లుతున్నావా? పత్రంలో 'నిండు జుట్టు ఆడది, పసిపిల్ల' అని ఉంది. సరిపోయిందా లేదా?"

"చిక్కు పడింది దొరా! విప్పుతున్నా!"

ఒకుమాకు ఒళ్లు మండిపోయింది. దొర మీద, షోగున్ మీద, బుద్ధిలేని ఈ తల్లి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద. పాప పక్కటెముకల కింద మళ్లీ గుంట పడింది. ఒకుమా తన కొప్పులోకి చెయ్యి పోనిచ్చి సవరం లాగేసింది. వయసులో ఉన్నప్పుడు రాలిన జుట్టు కూడబెట్టి కట్టుకున్నది. నల్లగా నిగనిగలాడుతుంది. నెరిసిన తల మీద దాన్ని చూసి బంట్లు రెండు రంగుల పిల్లి అని వెక్కిరిస్తారు. దాన్ని ఒఫుజి పొట్టి జుట్టుకు దారంతో బిగించి, మెలితిప్పి, కొప్పు చుట్టేసింది. చేతులు ఆమెవి కానట్టు పరిగెత్తాయి.

"నిండు జుట్టు! తేడా లేదు!" అని అరిచింది.

దొర ఒఫుజిని ఎగాదిగా చూశాడు. కొప్పు చూశాడు. పత్రం మడిచి ఇచ్చేశాడు.

గుమ్మం దగ్గర ఒఫుజి ఏదో అనబోయింది. "నోరు మూసుకుని నడు," అంది ఒకుమా పళ్ల బిగువున. "పరిగెత్తకు, అనుమానిస్తారు. మలుపు తిరిగాక పరిగెత్తు. మిషిమా దాకా ఎక్కడా ఆగకు."

తల్లీ బిడ్డా గేటు దాటారు. అప్పుడు దొర చూపు ఒకుమా తల మీద పడింది. "ఏమే, నీ పిల్లి తోకేదీ?"

బంట్లు ఘొల్లున నవ్వారు. దొర మాత్రం నవ్వలేదు. ఒకసారి దారి వైపు చూసి, మళ్లీ ఆమె తల వైపు చూశాడు.

"పేలు పట్టాయి, పొయ్యిలో పడేశా," అంది ఒకుమా, నెరిసిన తల గోక్కుంటూ. "వాటికీ పత్రం కావాలా దొరా? ఇరవై ఆరేళ్లు మీ కోసం ఆడవాళ్ల తలల్లో చేతులు పెట్టా. వచ్చి మీరూ ఒక తల చూడండి, తెలుస్తుంది."

దొర ముక్కు చిట్లించి మొహం తిప్పుకున్నాడు. ఈలోగా తల్లీ బిడ్డా మలుపు దాటిపోయారు.

ఒకుమా తెర వెనక్కి వెళ్లింది. సవరం లేని కొప్పు తడుముకుంది. ఒక్క అబద్ధం. ఇంతే కదా! పదకొండేళ్ల కిందట కూడా ఆ సవరం తన నెత్తి మీదే ఉంది.