కోటెంచి గౌనెంచాలె

దుబాయ్ అల్ వర్సాన్‌లో మా దుకాణం కోట్ల గోదాములో ఉన్నికి పురుగు పట్టిందని మా ముదీర్ లోపల విషపు గోళీలు పెట్టించాడు. ఆ పనికి అనుమతి ఉన్నవాళ్లను పిలవలేదు. తలుపు మీద తెలుగులో గానీ, హిందీలో గానీ, మరే భాషలో గానీ ఒక్క మాట అతికించలేదు. ఎవరో ఒకామె సాయంత్రం పార్టీకి వేసుకోవలసిన కోటు కోసం ఆ తలుపు తీసి లోపలికి వెళ్లిన మా చిన్నమ్మ పోయిన ఆదివారం ఆసుపత్రిలో చనిపోయింది. ముదీర్ అంటే మేనేజరు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు రాయించాల్సిన చోటు వేరే ఉంది, అక్కడ రాయిస్తాను.

చిన్నమ్మతో నాకు రక్తసంబంధం లేదు. ఆమెది జగిత్యాల దగ్గరి పల్లె. మా కుట్టు గదిలో తెలుగు వచ్చిన వాళ్లందరికీ ఆమె చిన్నమ్మ, రానివాళ్లకు ఆంటీ. దుకాణం దేరాలో ఉంది. ఆడవాళ్ల పార్టీ బట్టలు, చలికాలపు కోట్లు అమ్ముతారు. సరుకంతా అల్ వర్సాన్ గోదాములో ఉంటుంది. దాన్ని ఆనుకుని, పలుచటి చెక్క గోడకు ఇవతల మా కుట్టు గది. దుకాణంలో నచ్చింది ఒంటికి సరిపోకపోతే ఆడవాళ్లు కారేసుకుని మా దగ్గరికే వచ్చేవారు. వాళ్ల కోసం ఒక కుర్చీ ఉండేది, గోదాము తలుపు పక్కనే.

దుబాయ్‌లో కోట్లేమిటని ఊళ్లో వాళ్లు నవ్వుతారు. వచ్చిన కొత్తలో నేనూ నవ్వాను. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడి విందులన్నీ ఆరుబయటికి వస్తాయి. కరోనా తర్వాత అది మరీ ఎక్కువైంది. ఎడారిలో గుడారాలు, సముద్రం ఒడ్డున బల్లలు, మేడల మీద దీపాల తోరణాలు. పొద్దున్నంతసేపూ చెమట. పొద్దు గూకిందంటే ఇసుక చల్లబడి పాదాల్లోంచి వణుకు ఎక్కుతుంది. దుకాణం అద్దం ముందు నిలబడి గౌను ఎంచుకునేవాళ్లకు ఆ వణుకు గుర్తుకు రాదు. గుర్తు చేయడం చిన్నమ్మ పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు.

అబుదాబి పక్క మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ నుంచి ఒకసారి ఒక గుంటూరు ఆవిడ వచ్చింది. వీపు లేని గౌను, దాని నిండా మెరుపు బిళ్లలు. నడుము దగ్గర కొంచెం బిగించమంది. చిన్నమ్మ సూది తీయలేదు.

"పార్టీ యాడ బిడ్డా?"

"ఎడారిలో ఆంటీ. టెంట్లు వేస్తారంట, డీజే కూడా ఉంటాడంట."

"కూసుంటవా, ఎగురుతవా?"

"రెండూనండీ."

"కూసునేటప్పుడు ఎవలి పక్కన? మీ ఆయన పక్కనా, మీ ఆయన సారు పెండ్లాం పక్కనా?"

ఆవిడ పకపకా నవ్వింది. "సారు వాళ్లావిడ పక్కనేనండీ. తప్పుద్దా మరి."

"గట్లైతే నువ్వు కోటు విప్పవు. ఆమె పక్కన వీపు సూపెట్టుకుంట కూసుంటివంటే నీకు దండం పెడ్త. పార్టీ మొత్తం కనబడేది కోటే. ముందుగాల కోటు సూద్దాం. నడుమ మంట ఏస్తరా?"

"వేస్తారండీ, చుట్టూ కూర్చోవడమే."

"మరి గీ మెరుపుల బట్ట రవ్వ పడితె ఉత్తగ కాలదు బిడ్డా. కరిగి తోలుకు అతుక్కుంటది. ఉన్నిది తీస్కో. ఉన్ని అంత జల్ది అంటుకోదు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చిన్నమ్మ దగ్గర బట్టల బేరం ఎప్పుడూ ఇట్లాగే సాగేది. నవ్వుతూ వచ్చిన వాళ్లు కాస్త బెదిరి, మంచి కోటుతో వెళ్లేవారు. కీడెంచి మేలెంచమని మన పెద్దవాళ్లు అంటారు కదా, దానికి ఆమె తన తోక ఒకటి తగిలించింది: "కీడెంచి మేలెంచాలె, కోటెంచి గౌనెంచాలె." సన్న మడమ ఇసుకలో దిగబడుతుంది. వెడల్పు చేయి కొవ్వొత్తి మీదికి వంగుతుంది. ఎత్తు కారులోంచి దిగేటప్పుడు కింద చీలిక లేని కోటు మోకాళ్ల దగ్గర కట్టేసినట్టు పట్టేస్తుంది. కోటు తొడిగిన ప్రతి ఆడదాన్నీ చేతులు పైకి లేపమనేది. దూరంగా ఉన్న చుట్టాన్ని పిలిచినట్టు లేపాలి. చంక దగ్గర పట్టిందా, ఆ కోటు లోపలికి పోవలసిందే. కొనేవాళ్లకు అదే కావాలన్నా సరే.

ఇంకొక అలవాటు ఉండేది. అదీ మీకు తెలియాలి. కోటు తెమ్మని పంపితే ఆమె గోదాములోంచి తొందరగా బయటికి వచ్చేది కాదు. వరసల మధ్య నిలబడి ఒక్కో కోటూ దించి, లోపలి అస్తరును ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చేది. చెమట వాసన తగిలితే, ఎవరో ఒక పార్టీకి తొడుక్కుని వెనక్కి ఇచ్చిన కోటని అర్థం. "ఒకలు ఇడిచింది ఇంకొకలకు కొత్తదని అమ్ముతమా?" అని పక్కన పెట్టేది. ముదీర్ దుకాణం నుంచి ఫోను చేస్తూనే ఉండేవాడు, యల్లా యల్లా, తొందరగా అని. ఆమె మాత్రం ఇంకొక కోటు దించి, ఇంకొకసారి పీల్చేది.

ఇక గోళీల సంగతి. దీన్ని అందరూ సరిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే రేపు పెద్దమనుషుల ముందు తిరగబోయేది ఈ ఒక్క మాట చుట్టే. మా గదిలో గోళీ అంటే ఏదైనా గోళీయే. తలనొప్పి మాత్ర గోళీ. కోస్తా వాళ్లు కలరా ఉండలనే తెల్లటి డాంబరు ఉండ కూడా గోళీయే. చలికాలం వెళ్లగానే చిన్నమ్మ పాత అస్తరు ముక్కలతో చిన్న సంచులు కుట్టి, అందులో డాంబరు గోళీలు వేసి, ప్రతి కోటు జేబులో ఒకటి పెట్టేది. ఒకసారి ఒక హైదరాబాదీ ఆమె పార్టీ మధ్యలో జేబులో చేయి పెట్టి, పిప్పరమెంటు అనుకుని వదినగారికి ఇవ్వబోయిందట. మర్నాడు మా మీదికి వచ్చింది. "వదినకే గదా ఇయ్యబోయింది" అంది చిన్నమ్మ. వచ్చినామె తిట్టడం మరిచిపోయి కుర్చీలో కూలబడి నవ్వింది.

నాకు కోపం ఎక్కువ. కార్మికుల హక్కుల మీద ఎక్కడ ఏ కరపత్రం దొరికినా చదివి, మర్నాడు కుట్టు మిషన్ల దగ్గర ఉపన్యాసం ఇచ్చేదాన్ని. పది గౌన్లు తొడిగి చూసి ఒక్కటీ కొనని ఒక ధనిక స్త్రీని, శ్రమ విలువ తెలియని వర్గం మీది అని ఒకరోజు ముఖం మీదే అన్నాను. చిన్నమ్మ ఆమెకు నీళ్లిచ్చి పంపి, నా వైపు తిరిగింది. "గా కాయితాల ఉన్నది నిజమే గావచ్చు. కని ఆమె కొనకపోతె ఆమెది దోపిడేందే? ఏది తొడిగినా ఎబ్బెట్టుగ ఉన్నది, పాపం. తిట్టేదుంటె తిట్టాల్సినోని దగ్గరికి పోయి తిట్టు." ఆ మాట నేను మరిచిపోలేదు. ఈ నాలుగు పేజీలూ తిట్టవలసిన వాడి దగ్గరికి పోవడానికే.

ఈ ఏడు కొత్త కోట్ల మూటలు ఆలస్యంగా దిగాయి. విప్పేసరికి కొన్నింటి కాలర్ల మీద సన్నటి చిల్లులు. ఎండలో పరిచి దులిపితే పోతుందని చిన్నమ్మ అంది. "ధూప్ మే రంగ్ ఉడ్ జాయేగా" అన్నాడు ముదీర్, ఎండకు రంగు పోతుందని. "రంగు వోతె వోనీ, పురుగు వోవాలె గద" అని ఆమె తెలుగులోనే జవాబిచ్చింది. అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా అతనికి లేదు. పార్టీల రోజులు దగ్గర పడ్డాయి.

ఆ తర్వాత ఒక పొద్దున మేం గది తెరిచేసరికి ఏదో వాసన. చిన్నమ్మ గడపలోనే ఆగింది. "ఎవలే ఎల్లిగడ్డ దంచింది?" అంది. మేం ఒకరి టిఫిను డబ్బా ఒకరం తెరిచి చూసుకుని నవ్వుకున్నాం. ఎవరి డబ్బాలోనూ వెల్లుల్లి లేదు. చెక్క గోడ మొదట్లో రెండు బల్లులు వెల్లకిలా పడి ఉన్నాయి. ఊడ్చి పారేశాం. ఆ వారమంతా ఆ వాసన వస్తూ పోతూ ఉంది. గురువారం దాకా గోదాములోకి పోయే పని మాకు పడలేదు. అందరికీ తలనొప్పి. ఏసీ పాతదయింది, అందుకే అనుకున్నాం. చిన్నమ్మ తలనొప్పి గోళీ సగానికి విరిచి ఒక ముక్క తాను వేసుకుని, ఒక ముక్క నాకిచ్చింది. పార్టీల తొందరలో ఉన్న ఆడవాళ్లు వచ్చి అదే కుర్చీలో కూర్చుని, చేతులు పైకి లేపి చూపించి వెళ్లారు.

గురువారం పొద్దున దుకాణం నుంచి ఫోను వచ్చింది. సాయంత్రం పార్టీ ఉన్న ఒకామెకు ముదురు ఎరుపు కోటు కావాలి, వెంటనే కారులో పంపాలి. నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాను. గోదాము చూసుకునే భాయ్ తలుపుకు ఇవతలే సరుకు సర్దుతున్నాడు. భాయ్ నెల్లూరు నుంచి వచ్చినవాడు, పిల్లిని కూడా గట్టిగా అదిలించలేడు.

"లోపల గోళీలు పెట్టుండారు చిన్నమ్మా" అన్నాడు.

"గోళీలేనాయె. ఎప్పుడు లేవు?" అని ఆమె తలుపు తీసుకుని లోపలికి పోయింది.

భాయ్‌కి ముదీర్ చెప్పింది కూడా ఆ ఒక్క మాటే, గోలీ రఖా హై అని. ఏ గోళీయో అతనికీ తెలియదు. ఆ తలుపు నాకు ఎదురుగా ఉంది. దాని మీద ఏమీ లేదు. బూడిద రంగు ఇనుప తలుపు, పైన ఒక గీత, అంతే.

ఆమె ఎప్పటిలాగే నిదానంగా ఎంచింది. నేను ఒకసారి పిలిస్తే, "వస్తున్ననే, అస్తరు సూస్తున్న" అని లోపలి నుంచి వినిపించింది. చాలాసేపటికి రెండు కోట్లతో వచ్చింది. "కూసునేటట్టుంటె గీ మఖమల్‌ది, నిలవడేటట్టుంటె గీ ఉన్నిది. ఆమెను అడిగి పంపు" అని నా చేతికిచ్చి, స్టూలు మీద కూర్చుని కడుపు పట్టుకుంది. మధ్యాహ్నానికి వాంతులు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కారులో, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందని అంది. ఏం తిన్నదని డాక్టరు అడిగాడు. ఏం పీల్చిందో చెప్పడానికి మాకెవరికీ తెలియదు. కోటు మాత్రం సాయంత్రానికి పార్టీకి వెళ్లింది. మఖమల్‌ది.

శుక్రవారం పొద్దున గోదాము తలుపు మీద కాగితం వెలిసింది. ఎర్ర అక్షరాలు, పుర్రె బొమ్మ, మూడు భాషలు. లోపలి గోళీల నుంచి విషవాయువు వస్తుందని రాసి ఉంది; వారమంతా వచ్చిన వెల్లుల్లి వాసన దానిదేనని అప్పుడు తెలిసింది. దాని చుట్టూ అంటించిన టేపు మీద ఇంకా దుమ్ము కూడా పడలేదు. పోలీసులు అడిగితే, కాగితం వారం నుంచీ ఉందని, ఆమె చదువుకోని మనిషి, చూసుకోలేదని ముదీర్ చెప్పాడు. మమ్మల్ని పిలిచి, "ఖలాస్. జో హోనా థా హో గయా" అన్నాడు. జరగాల్సింది జరిగిపోయిందట. ఎవరెవరి వీసా ఎప్పుడు ముగుస్తుందో ఒక్కొక్కరికీ మెత్తగా గుర్తు చేశాడు.

సోమవారం ఊరి నుంచి చిన్నమ్మ బిడ్డ ఫోను చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "అక్కా, మా అమ్మ సూసుకోలేదట, గందుకే సచ్చిపోయిందట. కంపెనీ నుంచి చెప్పిన్రు. నిజమేనా?"

కొవ్వొత్తికీ కోటు చేతికీ మధ్య దూరం చూసే మనిషి. ఇసుక లోతు కూడా ఎంచి చెప్పులు చెప్పే మనిషి. చూసుకోలేదట. నిజం కాదు చెల్లే అని ఆ పిల్లకు చెప్పాను. నేనొక్కదాన్ని చెబితే అది గదిలో మాటగానే ఉండిపోతుంది. కాగితాల మీద ముదీర్ మాట మిగులుతుంది. తల్లి తన అజాగ్రత్తతో పోయిందని ఆ పిల్ల బతుకంతా నమ్మాలి. పండగ సరుకు దిగిన రోజు అదే గోదాములో మళ్లీ ఎవరో ఏదో పెడతారు.

చూసినవాళ్లు ఉంటే శనివారం వచ్చి చెప్పండని పోలీసు అధికారి అన్నాడు. మాలో కొందరు భయపడుతున్నారు, వాళ్లను నేను తిట్టను. ఇది రాస్తున్నది ముఖ్యంగా ఆ వారం మా గదికి కొలతలకు వచ్చిన అక్కల కోసం. మీ వీసాలు మా ముదీర్ చేతిలో లేవు. మీరు ఆ తలుపు పక్కనే కూర్చున్నారు, దాని మీద కాగితం ఉందో లేదో మీ కళ్లతో చూశారు. ఇంటికి వెళ్లాక ఆ పూట మీకు తల నొచ్చిందా? గొంతులో చిరచిరలాడిందా? పార్టీలో తిన్నది పడలేదనుకున్నారా? ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

నిన్న భాయ్ ఫోను చేశాడు. "నేను ఆ రోజు ఏ మాటన్నానో అదే చెప్పాలామ్మా?" అని అడిగాడు. అదే మాట, ఇంకేమీ కలపకుండా చెప్పు భాయ్ అన్నాను. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, పెద్దది, ఇదంతా జరిగాక గోదాము గోడకు బిగించింది. అతను గోదాములోనే ఉన్నాడు. "నేను రాగలనో లేదో తెలవదు. మీరు మాత్రం స్టేషనుకు పోండి" అని పెట్టేశాడు.

శనివారం పొద్దున తొమ్మిది గంటలకు, అల్ వర్సాన్‌లో మా గోదాము వీధి మొదట్లో ఉన్న కెఫెటేరియా ముందు కలుద్దాం. అక్కడి నుంచి అందరం కలిసే స్టేషనుకు వెళ్తాం.