నాలుగు ఒకటి, నాలుగు ఒకటి

వీరరాఘవులు గారికి హిందీ రాదు. నలభై ఏళ్ళకు పైగా ఢిల్లీలో ఉండి, కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ళు నడిపి, అండర్ సెక్రటరీగా రిటైరైన మనిషికి హిందీ రాదంటే ఎవరూ నమ్మరు. కాని రాదు. ఆటో అతనితో ఇప్పటికీ "హమ్ జల్దీ ఆతా, తుమ్ రుకో" అంటారు. అక్షరాలు మాత్రం వచ్చు. దుకాణం బోర్డు ముందు ఆగి, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుని చదివి, చదివిన మాటకు తెలుగులో ఏ అర్థం ఉంటే అదే సరిపెట్టుకుంటారు. ఆయన భార్య జానకీదేవి బడిలో ఒక్క హిందీ అక్షరం నేర్వకపోయినా, కూరల బండి దగ్గర నేర్చిన హిందీతో మయూర్ విహార్‌లో ఎవరినైనా నిలబెట్టి కడిగేయగలదు. జరిగిందంతా భార్యాభర్తల మధ్య ఉన్న ఈ తేడా వల్లే జరిగింది.

వాళ్ళ అబ్బాయి సాకేత్‌కు ముప్పై రెండేళ్ళు. గుర్‌గావ్‌లో ఉద్యోగం, అక్కడే ఫ్లాటు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. "అమ్మా", "నాన్నా" అనే రెండు మాటలు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి. మొన్న శీతాకాలంలో అతను స్పోర్ట్స్ కారు బుక్ చేశాడు. ఎర్రది. రెండు తలుపులు, రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే ఎత్తు. ఢిల్లీ రోడ్ల మీద అంత కారూ ఒక ఈ-రిక్షా వెనకాల బుద్ధిగా పాక్కుంటూ పోవాల్సిందే. అయినా అది అతని సరదా, అతని సంపాదన.

ఆదివారం నాడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"నాన్నా, నంబర్ చూజ్ కర్నా హై. ఆన్‌లైన్ ఆక్షన్ హోతా హై."

"నంబరుకి వేలమా? వాళ్ళిచ్చింది తగిలించుకుంటే బండి కదలదా?" అన్నారు వీరరాఘవులు.

"ఎనిమిది రాకుండా చూడరా," జానకీదేవి వంటింట్లోంచి కేకేసింది. "కూడినా రాకూడదు. శని."

"శని నంబరు ప్లేటు మీద కూచోడే. స్టీరింగు దగ్గర కూచుంటాడు."

"మీ నోరు మంచిదైతే ఇల్లెందుకిట్లా ఉంటుంది!"

సాకేత్ నవ్వాడు. "మైనే డిసైడ్ కర్ లియా. సర్‌ప్రైజ్ హై." పేపరు అంచు చింపి దాని మీద 4141 అని వేశాడు. తర్వాత ఆ అంకెల నెత్తిన అడ్డంగా ఒక గీత గీశాడు. హిందీ అక్షరాలకు పైన ఉండే గీత అది. ఆ గీత పడగానే నాలుగులు రెండూ 'ప'లయ్యాయి, ఒకట్లు రెండూ దీర్ఘాలయ్యాయి. ఉత్తరాదిలో ఈ కిటుకు తెలియని కుర్రాడుండడు. "ప్లేట్ పే ఐసే నహీ లిఖ్ సక్తే, చలాన్ హో జాయేగా. ప్లెయిన్ నంబర్ హీ రహేగా. పర్ సబ్ సమఝ్ జాతే హైఁ. పఢో నాన్నా." ప్లేటు మీద గీత గీస్తే జరిమానా, అక్కడ ఉత్త అంకెలే ఉంటాయి, అయినా చూసినవాళ్ళకు తెలిసిపోతుందని అతని ధీమా.

వీరరాఘవులు కళ్ళజోడు సవరించుకుని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టారు.

"పా... పా."

మళ్ళీ చదివారు. తర్వాత కాగితాన్ని బల్ల మీద పెట్టి, బాల్కనీలోకి పోయి, ఆరేసిన బట్టల వెనక నిలబడ్డారు.

"దేఖా? ఎమోషనల్ హో గయే," అన్నాడు సాకేత్ సంబరంగా.

జానకీదేవి గరిటెతో సహా గుమ్మంలో నిలబడిపోయింది. కొడుకు రాసిందేమిటో ఆమెకు తెలుసు. మొగుడు చదివిందేమిటో కూడా తెలుసు. రెండూ ఒకటి కావు.

పాపా అంటే ఢిల్లీలో తండ్రి. వీరరాఘవులు ఇంట్లో పాపా అంటే సునంద, సాకేత్ అక్క. తెలుగిళ్ళలో ఆడపిల్లను పిలిచినట్టే మొదట్లో "పాప" అనేవారు. అప్పుడు సరోజినీ నగర్ క్వార్టర్లో ఉండేవారు. పక్కింటి పంజాబీ ఆవిడ ఒకరోజు జానకీదేవిని ఆపి, "బిడ్డను అట్లా పాప్, పాప్ అని పిలవకండి భాభీ, వినడానికి బాగోలేదు" అంది. హిందీ చెవికి అది పాపం అన్న మాట. అంతమంది మధ్య రోజూ సంజాయిషీ ఎక్కడ చెప్పుకుంటామని చివర దీర్ఘం తీశారు, పాపా అయింది. అప్పుడు మేడ మొత్తం కొత్తగా నవ్వింది: ఈ మద్రాసీ బాబు కూతుర్నే "నాన్నా" అని పిలుస్తాడట! వీరరాఘవులు లెక్కచెయ్యలేదు, ఆయనకు అది కూతురి పేరే. తర్వాత పుట్టిన సాకేత్‌కు మాటలొచ్చినప్పుడు వాడూ అక్కా అనలేదు, పాపా అనే అరిచాడు.

డెంగీ నగరాన్ని కమ్మిన తొంభై ఆరులో, వానలు వెనకపట్టాక, సునంద పోయింది. ఎనిమిదేళ్ళు. సాకేత్‌కు అప్పటికి మూడు. వాడు కొన్నాళ్ళు గదులన్నీ తిరిగి పిలిచాడు.

అప్పుడు వచ్చారు పెద్దమనుషులు. ఓదార్చేవాళ్ళను నేనెప్పుడూ పూర్తిగా నమ్మను. వాళ్ళకు మన దుఃఖం కంటే అది తొందరగా కనపడకుండా పోవడం ముఖ్యం. "పిల్లాడి ముందు ఆ మాట ఎత్తకండి. పసివాడు, మర్చిపోతాడు. వాడి కోసమన్నా మీరు గుండె రాయి చేసుకోవాలి," అన్నారు. అందరూ ఒకే మాట అన్నారు కాబట్టి అది జ్ఞానమనిపించింది. ఫొటోలు గోడ దిగాయి. క్వార్టరు మారింది. పిల్లాడు నిజంగానే మర్చిపోయాడు. సలహా అద్భుతంగా పనిచేసింది. సాకేత్ తొమ్మిదో తరగతిలో ఉండగా వీరరాఘవులు ఒక్క వాక్యంలో చెప్పారు: "నీకు సునంద అని ఒక అక్క ఉండేది, జ్వరంతో పోయింది." కుర్రాడు తలూపాడు. తండ్రి ముఖం చూసి రెండో ప్రశ్న వెయ్యలేదు. పాపా అన్న పిలుపు మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇదీ వీరరాఘవులు ఆ ఆదివారం బాల్కనీలో మోసిన బరువు. ఇంతకాలం వాడు గుర్తుపెట్టుకున్నాడు. మాట పైకి అనకుండా కడుపులో దాచుకుని, సంపాదనపరుడై, మొట్టమొదట కొనుక్కున్న ఖరీదైన వస్తువు మీద రాయించుకుంటున్నాడు.

ఆ వారం ఆయన మారిపోయారు. పొద్దున పార్కులో నడిచేటప్పుడు తెలిసీ తెలియని వాళ్ళకు కూడా "మా అమ్మాయి" అని మొదలుపెట్టి చెప్పారు. గురువారం పాత సహోద్యోగి రఘునందన్‌ను అశోకా రోడ్డులోని తెలుగు క్యాంటీనుకు భోజనానికి పిలిచారు. రఘునందన్‌ది కరీంనగర్ వైపు. సరోజినీ నగర్ రోజులనుంచి స్నేహితుడు.

"ఏందన్నా, ఇయ్యాల బిల్లు నువ్వే కడతవట! పొద్దు పడమర పొడిచిందా?" అన్నాడు రఘునందన్, పప్పులో నెయ్యి పోయించుకుంటూ.

"సాకేత్ కారు కొన్నాడు. నాలుగు ఒకటి, నాలుగు ఒకటి నంబరు పాడుకున్నాడు. వచ్చింది."

"గా నంబరా! అబ్బో, పాపా! నసీబున్నోడివి అన్నా. మావోడు బండి కొంటే గర్ల్‌ఫ్రెండ్ పుట్టినరోజు ఏయించుకున్నడు. నీ కొడుకు నిన్ను—"

"పాప పేరు పెట్టుకున్నాడు," అన్నారు వీరరాఘవులు. "చూశావా? మర్చిపోయాడనుకున్నాం మనందరం. నీకు గుర్తుందిగా, పాపని నువ్వు స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని తిప్పేవాడివి."

రఘునందన్ నోట్లో ముద్ద ఆగింది. నమిలి, మింగి, మజ్జిగ తాగాడు.

"గుర్తుంది అన్నా. ఎందుకు గుర్తుండదు," అన్నాడు. "మంచి పిల్లగాడు మనోడు."

ఇంకేం అంటాడు? పెద్దమనిషి. ఆ సాయంత్రం జానకీదేవికి మాత్రం ఫోన్ చేశాడు. "వదినా, అన్నకు నేనేం చెప్పలే. మీరూ చెప్పకుండ్రి." దయగలవాళ్ళంతా మళ్ళీ పాత చోటికే చేరారు, నోరు మూసుకోవడానికి.

మర్నాడు మొగుడు నడకకు పోయిన వేళ జానకీదేవి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఆ నంబరు ఎందుకు పాడావు?"

"నాన్న కోసం. పాపా."

"ఆయన్ని ఎప్పుడన్నా పాపా అన్నావుట్రా?"

"ఘర్ పే నహీ. దోస్తోఁ సే తో 'మేరే పాపా' హీ బోల్తా హూఁ. క్యోఁ?"

"స్నేహితుల దగ్గర అంటే ఆయనకేం తెలుస్తుంది? ఆయన అది మీ అక్క పేరనుకుంటున్నారు."

"దీదీ కా నామ్ తో సునంద థా."

"ఇంట్లో పాపా అనేవాళ్ళం. నువ్వు కూడా. మేడంతా వినపడేట్టు అరిచేవాడివి."



"ముఝే నహీ పతా థా, అమ్మా."

"నీకెట్లా తెలుస్తుంది? మేం చెబితేగా."

"తో... నాన్నకో మత్ బతానా. లెట్ హిమ్ బి హ్యాపీ."

"మనం చెప్పకపోయినా ఆయన అడుగుతారు రా. నీకు దాని గురించి ఏం గుర్తుందని అడుగుతారు. ఆ ఒక్క మాట అడగడానికే ఆ కారు కోసం కూచున్నారు. ఏం చెప్తావు?"

అప్పుడు జానకీదేవి తన దగ్గర ఉన్నది తీసి ఇచ్చింది: చున్నీతో తమ్ముణ్ణి వీపుకు కట్టుకుని, మెట్ల మీద గుర్రంలా ఎగిరేదని. చెబుతూ చెబుతూ తనే వెక్కింది. సాకేత్ రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. తల్లీ కొడుకులు ప్రేమతోనే అబద్ధం తయారుచేశారు.

కారు వచ్చిన ఆదివారం మంచు విడిచి పలుచని ఎండ కాసింది. సొసైటీ గేటు దగ్గర పిల్లలు ఫోన్లు పట్టుకుని చుట్టూ మూగారు. వాచ్‌మన్ ప్లేటు చూసి "పాపా! క్యా బాత్ హై సాబ్!" అని వీరరాఘవులికి సెల్యూట్ కొట్టాడు. ఆయన పొంగిపోయారు, వాడికి కూడా అర్థమైందని.

"నాకొద్దు బాబూ, నా నడుం అంత కిందికి వంగదు. మీరిద్దరూ పోయి రండి," అంది జానకీదేవి.

"ఇది బండెక్కడం కాదురా, బావిలోకి దిగడం," అంటూ వీరరాఘవులు ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కొడుకు భుజం పట్టుకుని దిగబడ్డారు. నోయిడా లింక్ రోడ్డు దాటి ఎక్స్‌ప్రెస్‌వే చేరేదాకా కారు గర్జించినప్పుడల్లా సీటు అంచు పట్టుకున్నారు. రోడ్డు ఖాళీ అయ్యాక అడిగారు.

"ఒరేయ్, నీకు దాని గురించి ఏం గుర్తుంది?"

సాకేత్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "చున్నీ సే పీఠ్ పే బాంధ్‌తీ థీ ముఝే. సీఢియోఁ పే... గుర్రం లాగా."

గుర్రం అన్న మాట తెలుగులో వచ్చింది. సాకేత్ నోటినుంచి ఆ మాట ఆయన ఏనాడూ వినలేదు.

వీరరాఘవులు నెమ్మదిగా అన్నారు. "అది నువ్వు కాదురా. కింది ఇంటి బెంగాలీ వాళ్ళ పిల్ల. నిన్ను దాని వీపుకు కట్టనిచ్చేవాళ్ళం కాదు. అమ్మ చెప్పిందా?"

కారు వేగం దానంతట అదే తగ్గినట్టు తగ్గింది.

జానకి కావాలని తప్పు చెప్పి ఉండదు, అనుకున్నారు వీరరాఘవులు. ఆమెకూ కలగలిసిపోయింది. లేకపోతే బెంగాలీ పిల్ల అని తనే పొరబడుతున్నారేమో. తెలుసుకోవాలంటే ఎవర్ని అడగాలి? ఆ మెట్లు లేవు, ఆ క్వార్టర్లు కూల్చి ఎత్తైన మేడలు కట్టారు. ఇంట్లో ఒక్కసారైనా పైకి అనుకుని ఉంటే ముగ్గురిలో ఒకరికైనా సరిగ్గా గుర్తుండేది.

సాకేత్ బండిని పక్కకు తీసి ఆపాడు.

"నాన్నా, సారీ. నంబర్ ఆప్‌కే లియే థా. పాపా మత్‌లబ్... నాన్న. ముఝే దీదీ కా వో నామ్ పతా హీ నహీ థా."

వీరరాఘవులు ముందు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు. కొడుకు తన పేరు పెట్టుకున్నాడు. ఊళ్ళో ఏ తండ్రయినా ఈ మాటకు పొంగి పీపా అవుతాడు. ఆయనకు మాత్రం కూతురు ఇంకోసారి గుమ్మం దాటి వెళ్ళిపోయినట్టుంది. ఆ సంగతి ముఖంలో కనపడకూడదని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మంచి నంబరే," అన్నారు. "బాగుంది. నాకోసమైతే మాత్రమేం, బాగుండదా?"

"నాన్నా." సాకేత్ స్టీరింగు మీంచి చేతులు తీశాడు. పదాలు వెతుక్కుని, ఒక్కొక్కటి కూర్చుకుని తెలుగులో అడిగాడు. "అక్క... ఎలా ఉండేది?"

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ వెయ్యని ప్రశ్న. వీరరాఘవులు కొడుకు వైపు తిరిగారు. చెప్పాల్సింది బోలెడుంది, నోరు తెరిచారు.

"దానికి సోమవారం జ్వరం వచ్చింది," అన్నారు. "ముందు మామూలు జ్వరమే అనుకున్నాం. బుధవారానికి చేతుల మీద ఎర్రగా..."

ఆగిపోయారు. వాడడిగింది ఇది కాదు. దీని వెనక్కి పోవాలి, ఎనిమిదేళ్ళున్నాయి అక్కడ, పరుగులూ అలకలూ అన్నీ ఉండి ఉండాలి. చెయ్యి చాస్తే ఆ ఒక్క వారమే అందుతోంది.

పక్కనుంచి లారీ పోతే చిన్న కారు ఊగింది.

"అది కాదురా," అన్నారు. "ఉండు. అంతకు ముందు..."

సాకేత్ ఇంజను ఆపేసి, తండ్రి వైపు తిరిగి కూర్చున్నాడు.