తార్నాకలో డ్రైవర్ సాబ్ చాయ్

మెట్టుగూడ నుంచి యూనివర్సిటీకి వెళ్లే మా బస్సు తార్నాకలో ఆగిందంటే డ్రైవర్ సాబ్ చాయ్ తాగాల్సిందే. ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగేవాడు. ఆడవాళ్ల సీట్లు ముందువైపు కనక ఆ వైభోగమంతా నాకు కళ్లారా కనిపించేది. రోజూ పళ్లు నూరుకునేదాన్ని. కండక్టరు మాత్రం, “చాయ్ పడకుంటే సాబ్‌కు గేరు దొరకదమ్మా” అనేవాడు.

ఎమ్మెస్సీ చివరి ఏడాది వైవా రోజు వచ్చింది. మొదటి పేరు నాదే. తొమ్మిదికి పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ పిలవరని మా ప్రొఫెసర్ మేడమ్ ముందే చెప్పేశారు. అంటే ఏడాది పోయినట్టే. ఆ రోజే బస్సు ఆలస్యం. తార్నాక చేరేసరికి తొమ్మిదికి పావుగంట ఉంది. డ్రైవర్ సాబ్ తీరిగ్గా దిగాడు.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నేనూ దిగాను. ఆ రోజుల్లో ఆడపిల్ల ఒంటరిగా ఇరానీ హోటల్లో అడుగుపెట్టడమే వింత. లోపల మాటలన్నీ ఆగిపోయాయి. నేరుగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను.

“డ్రైవర్ సాబ్, తొమ్మిదింటికి నాకు పరీక్ష.”

“రెండే నిమిషాలు బిడ్డా. మస్తు గరం ఉన్నది.”

ఆయన ముందున్న కప్పు తీసి గటగటా తాగేశాను. “అయిపోయింది, పదండి” అన్నాను.

ఆయన ఖాళీ కప్పు వంక చూశాడు, నా వంక చూశాడు. లేచి బస్సు వైపు నడిచాడు. ఆ తర్వాత ఆయన తోలిన తోలుడుకు నా పక్కనున్న పెద్దావిడ నా చేయి వదిలితే ఒట్టు.

సరిగ్గా తొమ్మిదికి పరీక్షకుడి ముందు కూర్చున్నాను. జవాబు తెలుసు, కానీ నాలుక పొక్కిపోయి మాట రాదు. “భయపడకమ్మా” అన్నాడాయన జాలిగా. భయమట! ఉక్రోషం పట్టలేక, వచ్చీరాని మాటలతోనే జరిగిందంతా చెప్పేశాను. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు తెప్పించి, మళ్లీ మొదటి నుంచి అడిగాడు.

మర్నాడు లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేందుకు మెట్టుగూడలో అదే బస్సెక్కాను. డ్రైవర్ సాబ్ ఇంజను ఆపేసి వెనక్కి తిరిగాడు.

“ఏమైంది బిడ్డా? పాసైతవా?”

నేను జవాబు చెప్పేదాకా ఆయన కదలడు, బస్సూ కదలదు.

“జల్ది చెప్పమ్మా, మాకు డ్యూటీకి టైమైతున్నది” అన్నారు వెనక నుంచి ఎవరో.

బస్సంతా నన్ను తిట్టుకుంటోంది. నాకేమో ఏడుపొచ్చేంత సంతోషం.

“అయినట్టే సాబ్” అన్నాను.