ఆమె గురించి నన్ను అడిగారు

హైకోర్టు జడ్జి పదవికి ఆమె పేరు అనుకుంటున్నారని నాకు చెప్పింది మంగళగిరిలో ఉండే ఒక రిటైర్డ్ జడ్జి గారు. పేరు సిఫారసు చేసే ముందు ఆమె ఎలాంటి మనిషో కనుక్కోమని ఆయనకు చెప్పారట. ఆయన నాకు ఫోన్ చేశారు.

"మీరిద్దరూ ఒకే సీనియర్ దగ్గర పనిచేశారు కదా. ఎలా ఉండేదావిడ?"

గుంటూరులో ఏడేళ్లు మావి పక్కపక్క బల్లలు. నాది ప్లీడర్ల కుటుంబం. ఆమె నేతపనివాళ్ల ఇంటి నుంచి వచ్చింది. తర్వాత ఆమె హైకోర్టుకు వెళ్లింది, నేను జిల్లా కోర్టులోనే ఉండిపోయాను. ఆ పదవి కోసం ఎవరైనా ఎప్పుడైనా నా పేరు తలుస్తారని చాలా ఏళ్లు ఎదురుచూశాను.

"కష్టపడే మనిషండీ. బాగా చదువుతుంది."

"నిజాయితీ?"

కావాలనే ఒక్క క్షణం ఆగాను. "నా చెవిన పడినంతలో... చెడ్డగా ఏమీ లేదండీ."

"ఊఁ" అని ఫోన్ పెట్టేశారు. ఆ మధ్యాహ్నం నేను కడుపునిండా అన్నం తిన్నాను. ఆ మాట దాచను.

రెండు రోజులు గడిచేసరికి ఆ తిన్నది అరగడం మానేసింది. ఆమె నిజాయితీ గురించి నేను విన్నది కాదు, కళ్లారా చూసింది ఉంది.

మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే ఒక యూనిట్ యజమాని మా క్లయింటు. మిషన్‌లో పడి ఒక కూలీ చెయ్యి పోయింది. ఆ రోజు అతను అసలు పనికే రాలేదన్నట్టు హాజరు పుస్తకంలో ఒక పేజీ మార్చి రాశారు. అది కనిపెట్టింది ఆమే.

"ఇది నేను కోర్టులో పెట్టనండీ" అంది సీనియర్ గారితో.

"అయితే రేపట్నుంచి రావద్దు" అన్నారాయన, అందరి ముందూ. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున్నే మంగళగిరి వెళ్లి జడ్జి గారికి ఇదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు.

"మరి మొన్న ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు?"

"అసూయ అండీ."

"సరే. ఆ పుస్తకం చివరికి కోర్టులో పెట్టిందెవరు?"

నేను ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. "నేనే" అన్నాను. ఆ కూలీ నష్టపరిహారం కేసు ఓడిపోయాడని కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. కాఫీ చల్లారిపోయింది, నేను లేచి వచ్చేశాను.

కొన్ని నెలలకు ఆమె ప్రమాణస్వీకారం చేసింది. మా ఆవిడతో కలిసి వెళ్లాను. జనంలోంచి నన్ను చూసి ఆమే దగ్గరకు వచ్చింది.

"నా గురించి చాలా గొప్పగా చెప్పావట! ఆయన అన్నారు."

తక్కిన సంగతి ఆయన చెప్పలేదన్నమాట. నేను నవ్వాను. నమస్కారం పెట్టాను. లోపల మాత్రం మంట అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు.

కారులో మా ఆవిడ అంది, "ఆ నల్లగౌనులో ఎంత హుందాగా ఉందండీ!"

"భుజాల దగ్గర వదులైంది" అన్నాను.

నిజానికి సరిగ్గా సరిపోయింది.