రెండో తుమ్ము

వాసెలిన్ డబ్బా మూత తీసి ఆ వాసన తగలగానే నాకు సుగుణమ్మ గారు గుర్తొస్తారు. అందరూ దాన్ని పెదాలకు రాసుకుంటారు. మా బోటనీ లెక్చరర్ సుగుణమ్మ గారు గాజుపలకకు రాసి కాలేజీ డాబా మీద పెట్టేవారు. గాలిలో పోయే పుప్పొడి దానికి అంటుకుంటే, మర్నాడు మైక్రోస్కోపులో చూసి, ఏళ్ల తరబడి చూసిన లెక్కతో, పాలకొల్లులో ఎప్పుడు ఎవరి ముక్కు కారబోతోందో చెప్పేవారు.

నాకు ఆవిడ అవసరం విద్యార్థిగా కన్నా తుమ్ములవాడిగానే ఎక్కువ. సముద్రం వైపు సరుగుడు తోటలు పూతకొస్తే నా ముక్కు నా మాట వినేది కాదు. ఎవరైనా పనిమీద బయల్దేరుతుండగా నేను తుమ్మితే, వాళ్లు చెప్పులు విప్పి, లోపలికెళ్లి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవారు. వీధిలో ఎవరికీ ఒంట్లో నీటికి లోటు రాకుండా చూసిన ఘనత నాదే. శుభకార్యాలకు మాత్రం నన్ను పిలిచేవారు కాదు. భోజనం క్యారేజీలో వచ్చేది.

చెల్లి పెళ్లి మాఘంలో కుదిరింది. మావయ్య నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్, నువ్వు వంటల దగ్గర చూసుకోరా. జీలకర్రా బెల్లం వేళకి పందిట్లోకి రాకు," అన్నాడు. ఆ మాట చెల్లి చెవిన పడింది. "నాన్న ఎలాగూ లేరు. అన్నయ్యనీ వంటల దగ్గరికి పంపేస్తే నా పక్కన ఎవరుంటారు మావయ్యా?" అంది.

సుగుణమ్మ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఆదివారం చర్చికి తప్ప వేళ చూసుకుని ఎక్కడికీ వెళ్లే మనిషి కాదు. అయినా ముహూర్తం అడిగి, కళ్లద్దాలు తుడుచుకుని, "సరుగుడు ఫాల్గుణం వస్తేగానీ పుప్పొడి రాల్చదు బాబూ. వెళ్లి మీ చెల్లి పక్కనే నిలబడు. పూచీ నాది," అన్నారు.

ఆ ఏడు చలి ముందే సర్దుకుని వెళ్లిపోయింది. సరుగుడుకు పంచాంగం ఎవరూ చదివి వినిపించలేదు. మామూలుగా తుమ్ములూ దగ్గులూ గట్టిమేళంలో కొట్టుకుపోతాయి. పంతులుగారు చెయ్యెత్తబోయే ముందు, సన్నాయి అతను ఊపిరి తీసుకుంటున్న ఆ ఒక్క నిశ్శబ్దంలో, నేను తుమ్మాను.

పందిరి బిగుసుకుపోయింది. పెళ్లికొడుకు తల్లి ముఖం నల్లబడింది. చెల్లి చేతిలోని జీలకర్ర బెల్లం చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడు ముందు వరసలోంచి ఇంకో తుమ్ము వినబడింది. సుగుణమ్మ గారు! పాతికేళ్లు పుప్పొడిలో బతికినా ఒక్కసారీ తుమ్మని మనిషి. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "జంట తుమ్ము మంచిదేగా పంతులుగారూ?" అన్నారు.

ముహూర్తం దాటిపోతుందన్న కంగారులో ఉన్నారాయన. "ఒంటి తుమ్ముకే గానీ జంట తుమ్ముకి దోషం లేదమ్మా! గట్టిమేళం!"

భోజనాల దగ్గర అడిగాను. "మీరు శకునాలు నమ్మరు కదండీ?"

"నమ్మను. తప్పింది నా లెక్క. మాట నువ్వు పడితే ఎలా?" అని, అరిటాకు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు: "పోయినేడు చూసి ఈ ఏడు చెప్పడం ఇక కుదరదేమో బాబూ."

ఆవిడ పోయాక మైక్రోస్కోపు నా దగ్గరికి చేరింది. పొద్దున్నే గాజుపలక చూసి ఊళ్లో తుమ్ములవాళ్లకు ఫోన్‌లో మెసేజ్ పెడతాను. ప్రతిదాంట్లోనూ ‘బహుశా’ ఉంటుంది. పూతకాలం ఏటేటా మారిపోతోంది. ఆ ఒక్క మాటే ఇప్పటిదాకా తప్పలేదు.

నిన్న ‘ఇవాళ పుప్పొడి ఉండదు బహుశా’ అని రాసిన కాసేపటికే, ఎదురింటమ్మాయి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే వాళ్ల తాతగారు తుమ్మారు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తప్పుచేసినవాడిలా నిలబడిపోయారు. ఆ అమ్మాయి చెప్పులు విప్పబోయింది.

నా ముక్కు ఆ పూట శుభ్రంగా ఉంది. గాజుపలక చేత్తో పట్టుకుని, డాబా మీంచి, వీధి చివరిదాకా వినబడేలా తుమ్మాను.