నంబరు చెరపొద్దన్న ఉస్తాద్

మొన్న మంగళవారం తరిగొప్పుల దగ్గర మట్టి తవ్వే ఒక ప్రొక్లెయినర్ కింద పడుకుని వైర్లు చూస్తుంటే ఫోన్ మోగింది. తొర్రూరు నుంచి ఉస్తాద్ కూతురు. "అన్నా, బాపు పోయిండు" అంది. బయటికి వచ్చి క్యాబిన్ ఎక్కి, తెరమీద వెలుగుతున్న నంబరును కాగితం మీద రాసుకుని, అప్పుడు ఏడ్చాను. ఆయన నేర్పిన క్రమం అదే. ఏది ముంచుకొచ్చినా ముందు నంబరు రాసుకోవాలి.

ఇంట్లో ఏమని పిలిచేవారో గాని, జనగామ నుంచి భూపాలపల్లి దాకా మట్టి పని చేసే మెషీన్ల ఆపరేటర్లందరికీ ఆయన ఉస్తాదే. ఈ పెద్ద మెషీన్లకు కరెంటు వైర్లలో ఎక్కడ తేడా వచ్చినా క్యాబిన్ తెరమీద ఒక నంబరు పడుతుంది. ఏ నంబరు దేనికో చెప్పే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఏడో తరగతిలో బడి మానేసిన ఉస్తాద్ దాని మొహం చూడలేదు. ఏ నంబరుకు చివరికి ఏ వైరు దొరికిందో తన నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాడు. చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకుని, కరెంటు అందుతోందో లేదో చూసే, రెండు వైర్లు కట్టిన బల్బు పట్టుకున్నాడంటే పని మొదలైనట్టే.

"నంబరు రోగం పేరు గాదు తమ్మీ. నొప్పి ఏడున్నదో చెప్తది, గంతే. రోగం మనమే దేవులాడాలె" అనేవాడు.

ఒకసారి బయటి నుంచి వచ్చిన ఇంజనీరు ఆ 'ఏడున్నది', 'గంతే' మాటల్ని వెక్కిరిస్తూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. తండా వాణ్ణి, మా ఇంటి భాషను చూసి నవ్వినవాళ్ళు నాకు కొత్త కాదు. ఉస్తాద్ మాత్రం తల కూడా ఎత్తలేదు. "వైరుకు యాస తెల్వదు సారూ. జర ఎల్తురు ఇడిచి నిలవడుండ్రి" అన్నాడు.

ఇక రాయలేక రాస్తున్న సంగతి.

రాష్ట్రం కోసం బందులూ రాస్తారోకోలూ జోరుగా సాగుతున్న ఏళ్ళవి. కాటారం దగ్గర ఒక కాంట్రాక్టరు మెషీన్ మీద నేను ఆపరేటర్‌ని. తెరమీద నంబరు పడిందంటే తప్పు ఆపరేటర్‌దేనని ఆయన నమ్మకం. నాకు ముందున్నవాణ్ణి అలాగే పంపేశాడు. అందుకని మా ఆపరేటర్లలో ఒక గుట్టు విద్య ఉండేది. నంబరు పడగానే బ్యాటరీ వైరు పీకి కాసేపాగి పెడితే, ఆ పాత మెషీన్లలో అది చెరిగిపోయేది.

ఆ వానాకాలం చెరువు కట్టకు గండి పడింది. మెషీన్ నీళ్ళలోకి దిగి పూడ్చకపోతే కింద వరి మొత్తం కొట్టుకుపోతుంది. అలాంటప్పుడు ఇంజన్ దానంతటది ఆగిపోయింది, నంబరు పడింది. నేను చూశాను. ఇద్దరు పిల్లల తండ్రిని, పని పోతుందని భయం. వైరు పీకేశాను. మెషీన్ ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయింది. కానీ ఇంజన్ ఆగడం చూసిన కూలీలు కాంట్రాక్టరుకు చెప్పారు, ఆయన ఉస్తాద్‌కు ఫోన్ చేశాడు.

మర్నాడు ఉస్తాద్ బండి మీద వచ్చాడు. మూడు చోట్ల రోడ్డు బందు. ఒక చోట రోడ్డు మీదే వంటావార్పు, తినందే వదలలేదట. చొక్కా మీద పప్పుచారు మరక చూపించి నవ్వాడు. "అవ్వను మానుకోట దవాఖానల ఉంచి వచ్చిన తమ్మీ. నా చేత్తోని తప్ప తింటలేదు. మాపటి బువ్వకు వస్తనని మాటిచ్చిన. జల్ది కానిద్దాం. నంబరెంత?"

"ఏం పడలే ఉస్తాద్."

"బ్యాటరీ వైరు ముట్టినవా?"

"లేదు."

కాంట్రాక్టరు పక్కనే ఉన్నాడు. ఉస్తాద్ క్యాబిన్ ఎక్కి తెరవంక కాసేపు చూశాడు. దిగివచ్చి, చాయ్ చెప్పి రమ్మని కాంట్రాక్టరును పంపించి, నా భుజం మీద చేయి వేశాడు. "ఇప్పుడు ఎవ్వలు లేరు. చెప్పు."

నేను మళ్ళీ లేదనే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆ నంబరు చెప్పి ఉంటే గంట పని. కాంట్రాక్టరు "నడుస్తున్నది గదా, దిగుమను" అన్నాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "నడుమ నీళ్ళల్ల ఆగితె ఈ పిలగాడు ఎట్ల బయటికొస్తడు? తెలిసినంకనే దింపుదాం." వానలో తడుస్తూ ఒక్కో వైరునూ జానెడు జానెడు తడిమి చూశాడు. మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలుతుండగా ఇంజన్ వెనక, ఇనుప పట్టీకి రాసుకుని రాగి బయటపడ్డ వైరు దొరికింది. "దొరికింది తమ్మీ!" అని అరిచిన ఆ సంతోషం చూడలేక తల దించుకున్నాను.

గండి పూడింది. వరి బతికింది, నేనూ బతికాను. ఆయన మానుకోట చేరేసరికి ఆ తల్లి లేదు. బువ్వ వేళ దాకా తలుపు దిక్కే చూసిందట.

దినాల నాడు వెళ్ళాను. గుండు చేయించుకుని గడపలో కూర్చుని ఉన్నాడు. "ఉస్తాద్, ఆ రోజు..." అన్నాను. "బువ్వ తిన్నవా?" అని అడ్డుకున్నాడు. తిన్నాక, "నా దగ్గరికి రా తమ్మీ, పని నేర్పిస్త" అన్నాడు. మొదటి రోజు మొదటి మాట, "నంబరును ఎన్నడు చెరపొద్దు. గది చాడీ చెప్తలేదు, నొప్పి చెప్తున్నది." నా సంగతి ఆయనకు తెలియదనే అనుకున్నాను. రాష్ట్రం వచ్చిన రోజు షెడ్డు ముందు నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. ఆ రోజైనా చెప్పాల్సింది.

చాలా ఏళ్ళ తర్వాత భూపాలపల్లిలో అదే రకం పాత మెషీన్‌కు వెల్డింగ్ చేయాల్సి వచ్చి బ్యాటరీ వైరు విప్పాను. మళ్ళీ పెట్టగానే తెర మూలన ఉన్న చిన్న గడియారం పన్నెండు నుంచి మొదలైంది. అసలు టైము మూడు దాటింది. నమ్మలేక వైరు మళ్ళీ పీకి పెట్టి చూశాను, మళ్ళీ పన్నెండే. వైరు పీకితే నంబరు ఒక్కటే కాదు, గడియారమూ చెరిగిపోతుంది. ఆ సాయంత్రమే తొర్రూరు వెళ్ళి కాళ్ళ మీద పడాల్సింది. వెళ్ళలేదు. నాలాంటి పిరికివాణ్ణి నేను చూడలేదు. ఇప్పుడు వెళ్ళాను, చెబితే వినే మనిషి లేడు.

ఆ రోజు కాటారంలో పనంతా అయ్యాక ఉస్తాద్ మరోసారి క్యాబిన్ ఎక్కాడు. తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, జేబులోంచి గడియారం తీసి చూసుకుంటూ తెర కింద మీటలు నొక్కాడు. ఏం చేస్తున్నావని అడిగాను.

"టైం తప్పు సూపెడ్తున్నది తమ్మీ. ఎవలన్న జూస్తరు. సరి జేసిన."

అప్పుడు తెరమీద ఆయన పెట్టిన సమయం సాయంత్రం ఆరు కావడానికి ఇరవై నిమిషాలు. అవ్వ బువ్వ వేళ.